పింగాణిపై అచ్చుబొమ్మ

పండుమిరప కోతకు వచ్చు దినములలో గుంటూరు, ప్రకాశం మైదానపు గ్రామములందు ఇల్లాండ్రు పచ్చడి జాడీలు కడిగి ఎండబెట్టుదురు. కొన్ని జాడీలపై పువ్వో, తీగయో, తయారుచేసినవారి గుర్తో అచ్చువేయబడి యుండును. ఎన్ని యేండ్లు తోమినను అది చెరగదు. కాగితముపై అచ్చు నీటికి చెడును గదా, పింగాణిపై అచ్చు ఏల నిలుచును? చిత్రకళ అభ్యసించుచున్న మన గ్రామ యువతీయువకులకు ఉపయోగపడునని ఆ విద్యను ఇచ్చట సంగ్రహముగా వివరించుచున్నాము.

మట్టి సంగతి

మట్టిపాత్రపై నగిషీ అద్దుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. అమరావతి చెంత ధరణికోట త్రవ్వకములలో, పళ్ళచక్రమును దొర్లించి గీతలు అద్దిన ప్రాచీన పాత్రల పెంకులు లభించినవి. అయితే ప్రత్తికి తల్లివంటిదైన నల్లరేగడి ఒక్కటియే పాత్రకు పనికిరాదు. తడిసిన ఉబ్బుట, ఎండిన బీటలువారుట దాని స్వభావము. అందుచేతనే కుమ్మరి చెరువు మట్టిని ఎన్నుకొని, ఇసుక కలిపి మెదుపును. పింగాణికి తెల్లని చీనామట్టి ఆధారము. ఏ మట్టియైనను ఆరి, కాలునప్పటికి సుమారు పదవ వంతు కుంచించుకొనును. పచ్చిపాత్రపై వేసిన బొమ్మయు దానితోపాటు చిన్నదగును. విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠమిదియే.

అచ్చువేయు విధములు

మొదటి విధమునకు యంత్రము అక్కరలేదు. రంగు కలిపిన పలుచని మట్టినీటితో కాగితముపై బొమ్మ వ్రాసి, ఇంకను పూర్తిగా ఆరని పాత్రపై బోర్లించి రుద్దవలెను. బొమ్మ కుడియెడమలుగా మారును గనుక అక్షరములను తిరుగవ్రాయవలెను.

రెండవది రాగిరేకు అచ్చు. చెక్కిన రేకుకు రంగు పట్టించి, పలుచని కాగితముపై అచ్చుతీసి, ఒకమారు కాల్చిన పాత్రకు అంటించి, కాగితమును కడిగివేయుదురు. పైన గాజుపూత పూసి మరల కాల్చుదురు. బొమ్మ గాజు క్రింద నిలిచిపోవును, చెరగకపోవుటకు కారణమిదియే. కాగితముపై నుండి బొమ్మను దించు ఈ ఉపాయముతోనే 1756లో ఇంగ్లండునందలి లివర్పూలులో జాన్ సాడ్లరు, గై గ్రీను అనువారు ఆరు గంటలలో 1200లకు పైగా పింగాణి పలకలపై అచ్చువేసితిమని ప్రమాణపత్రము వ్రాసియిచ్చిరి.

మూడవది నేటి కర్మాగారములలో విరివిగా వాడుకలోనున్న డెకాల్ పద్ధతి. బంకపూసిన కాగితముపై స్క్రీన్ తెర ద్వారా రంగును ముద్రించి, పైన లక్కవంటి పొర వేయుదురు. నీటిలో నానబెట్టగా బొమ్మ పొరతోసహా జారివచ్చును. దానిని గాజుపూత గల పాత్రపై అతికి, రబ్బరుముక్కతో నీటిని, గాలిని వెడలగొట్టవలెను. ఒక్క గాలిబుడగ మిగిలినను కాల్పులో బొమ్మకు చిల్లుపడును. సుమారు 800 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో పొర మండిపోయి, రంగు గాజుపూతతో ఏకమగును.

మిరపపండు ఎరుపు

కోబాల్టు నీలము 1250 డిగ్రీల వేడికిని చెడదు. మిరపపండు ఎరుపును నిలుపుట మాత్రము కష్టము. ఇనుప తుప్పు ఎరుపు వేడి హెచ్చినకొలది గోధుమవన్నెకు తిరుగును. నిగనిగలాడు ఎరుపునకు కాడ్మియము, సెలీనియము కలిసిన రంగును వాడుదురు. అది హెచ్చువేడికి మాడును. జిర్కాను స్ఫటికములలో పొదిగిన ఎరుపులు మాత్రము ఎక్కువ వేడికి ఓర్చుకొనును.

బొమ్మ కంటె భోజనము ముఖ్యము

తక్కువ వేడికే కరగుటకై కొన్ని రంగులలో సీసము కలుపుట కద్దు. చింతపండు, ఉప్పు కలిసిన పచ్చడి నెలల తరబడి అట్టి రంగును తాకియున్నచో సీసమును, కాడ్మియమును పచ్చడిలోనికి దిగవచ్చును. అది కంటికి కానరాదు, నాలుకకు తెలియదు. పసిపిల్లల మెదడునకు సీసము చేయు హాని తీరునది కాదు. కావున బొమ్మను జాడీ వెలుపలనే, మూతి అంచునకు దూరముగా వేయవలెను. లోపలి పూత సీసములేనిదై యుండవలెను. పరీక్షాశాలలలో పాత్రను 4 శాతము అసెటిక్ ఆమ్లముతో నింపి, 24 గంటలు ఉంచి, దిగిన సీసమును కొలుతురు. విద్యార్థి రంగుపొడిని పీల్చరాదు; చేతులు కడుగక అన్నము ముట్టరాదు.

ఎచ్చట నేర్వవచ్చును?

మట్టి, పూత, కొలిమి శాస్త్రము నేర్పుటకు గూడూరులో ప్రభుత్వ సిరామిక్ సాంకేతిక విద్యాసంస్థ కలదు. చిత్రకళతోపాటు ముద్రణకళను అభ్యసించుటకు 1950లో స్థాపింపబడిన బరోడా లలితకళల విద్యాలయము పేరెన్నిక గన్నది. మెదకు ప్రాంతపు నిజాంపూరు గ్రామమున 1940లో జన్మించిన లక్ష్మా గౌడ్ హైదరాబాదులో చదివి, బరోడాలో ముద్రణకళ నేర్చి, పిదప మట్టిలోను బొమ్మలు చేసి, 2016లో పద్మశ్రీ పొందిరి. పల్లెబిడ్డకు ఈ త్రోవ మూసియుండలేదు.

ఆసక్తి గలవారు కాగితముతోను, మట్టినీటితోను ఇంటివద్దనే ఆరంభింపవచ్చును. ఊరి కుమ్మరి ఆవములో ఒక పలకను కాల్పించి చూచుకొనుడు. పచ్చడి జాడీపై రంగువేయు పనిని మాత్రము రంగుల గుణము, కొలిమి వేడి చక్కగా తెలిసిన తరువాతనే చేపట్టుడు.