నైన్స్ వేయాలా, టెన్స్ వేయాలా?

ఎలక్ట్రిక్ గిటార్ తీగల ప్యాకెట్ మీద 9–42 అనో, 10–46 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె అన్నిటికంటే సన్నని తీగది, రెండోది అన్నిటికంటే లావు తీగది. లెక్క అంగుళంలో వెయ్యో వంతుల్లో. వాయించేవాళ్లు మొదటి తీగ అంకెతోనే సెట్టంతటినీ పిలుస్తారు: నైన్స్, టెన్స్, లెవెన్స్. నైన్స్‌కీ టెన్స్‌కీ మొదటి తీగలో ఉన్న తేడా తలవెంట్రుక మందం కూడా ఉండదు. మరి అంతమాత్రానికే వేళ్లు అంత గోల ఎందుకు చేస్తాయి?

వేళ్లకు తెలిసేది మందం కాదు, బిగువు. తీగ ఎంత బిగువుగా ఉండాలో మూడు సంగతులు తేలుస్తాయి: దాని బరువు, పొడవు, కట్టే శ్రుతి. మందం కొంచెం పెరిగినా బరువు వర్గం లెక్కన పెరుగుతుంది. అందుకే 9 నుంచి 10కి మందం 11 శాతమే పెరిగినా బిగువు 23 శాతం పెరుగుతుంది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మీద మామూలు శ్రుతిలో 9 తీగ బిగువు దాదాపు 6 కిలోలు, 10 తీగది 7.3 కిలోలు. ఆరు తీగలూ కలిపితే నైన్స్ సెట్టు గిటార్ మెడను దాదాపు 39 కిలోల బలంతో, టెన్స్ దాదాపు 47 కిలోల బలంతో లాగుతాయి.

ఇక పొడవు. చాలా ఫెండర్ గిటార్లలో నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ 25.5 అంగుళాలు. గిబ్సన్ లెస్ పాల్‌లో 24.75 అంటారు. ముప్పావు అంగుళమే తగ్గినా అదే సెట్టు గిబ్సన్ మీద ఆరు శాతం వదులుగా ఉంటుంది. కాబట్టి ‘నాకు టెన్స్ భలే కుదిరాయి’ అని ఎవరన్నా చెబితే, ఏ గిటార్ మీద అని అడగండి.

తీగను పక్కకు లాగి స్వరం పెంచే బెండ్ దగ్గర ఒక విచిత్రం ఉంది. ఒకే శ్రుతిలో ఉన్న రెండు నున్నటి ఉక్కు తీగలు సన్నవైనా లావువైనా, స్వరం పెరగడానికి లాగాల్సిన దూరం ఒక్కటే. మారేది పెట్టాల్సిన బలం. చుట్టు తీగ సంగతి వేరు. దాని బరువులో చాలా భాగం పైచుట్టుది, సాగాల్సింది లోపలి సన్నని తీగ. అందువల్ల దాన్ని ఇంకా ఎక్కువ దూరం లాగాలి. పాతకాలపు సెట్లలో మూడో తీగ కూడా చుట్టుదే. దానితో రాక్, బ్లూస్ వాయించేవాళ్లు అవస్థ పడి, చివరికి మొదటి తీగ స్థానంలో బాంజో తీగ బిగించి మిగతావాటిని ఒక్కో స్థానం జరుపుకునేవారు. కాలిఫోర్నియాలో గిటార్ దుకాణం నడిపిన ఎర్నీ బాల్ ఈ అవస్థ గమనించి 1962లో స్లింకీ పేరుతో సన్నని సెట్లు అమ్మకానికి పెట్టారు. ఇవాళ మనం మామూలు అనుకునే సెట్టు నిజానికి అప్పటి కుర్రకారు గొడవలోంచి పుట్టిందే.

మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌కూ ఇలాంటి అవసరమే ఎదురైంది. మామూలు మాండొలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి. గమకం పలకాలంటే రెండిటినీ ఒకేసారి లాగాలి. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయించారు. గిటార్ మీద తోడి గమకాలు పలికించాలని ఉన్నవాళ్లు లావు తీగల జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

లావు తీగల్లోనే అసలు నాదం ఉందన్న నమ్మకానికి మూలం ఎక్కువగా టెక్సస్ బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్. ఆయన 13 తీగలు వాడేవారు, నిజమే. కానీ గిటార్‌ను అర స్వరం దించి శ్రుతి చేసేవారు, దాంతో బిగువు 11 శాతం తగ్గుతుంది. తగ్గాక కూడా మొదటి తీగ మీద 11 కిలోలు! ఆ సంగతి వదిలేసి 13లు మాత్రం కొనుక్కుని వేళ్ల చర్మం పోగొట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. అదే టెక్సస్‌కు చెందిన జీజీ టాప్ గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్ వాడేది 7 తీగలు. ఆయన నాదం పల్చగా ఉందని ఎవరూ అనలేదు. లావు తీగ కాస్త గట్టిగా పలుకుతుంది, గట్టిగా మీటినా అంతగా చలించదు. అయినా ఆ తేడా ఆంప్ మీద ఒక నాబ్ తిప్పితే సర్దుకునేంతే.

లావు తీగ నిజంగా కావలసిన చోటు ఒకటుంది. మెటల్ పాటలకోసం కింది తీగను ఈ (E) స్వరం నుంచి సీ (C)కి దించితే బిగువు 37 శాతం పడిపోతుంది. అప్పుడు 46 తీగ వేలాడుతూ ఫ్రెట్లకు తగిలి గరగరమంటుంది. 10–52 లాంటి సెట్లున్నది ఇందుకే: పైన సన్నం, కింద లావు.

గేజ్, అంటే తీగల మందం, మారితే గిటార్ కూడా మారుతుంది. బిగువు పెరిగితే మెడ ముందుకు వంగి తీగలు పైకి లేస్తాయి, తగ్గితే ఫ్రెట్లకు తగులుతాయి. మెడ లోపలి ట్రస్ రాడ్ సర్దాలి, బ్రిడ్జి దగ్గర స్వరశుద్ధి చూసుకోవాలి. తేలే బ్రిడ్జి అయితే వెనక స్ప్రింగులు కూడా. లావు తీగ నట్ గాడిలో ఇరుక్కుంటే శ్రుతి చేసేటప్పుడు టిక్కుమంటుంది, ఆ గాడిని తెలిసినవాళ్లచేతే రుద్దించండి.

కొత్తగా నేర్చుకుంటుంటే స్ట్రాట్ రకం గిటార్‌కి నైన్స్, లెస్ పాల్ రకానికి టెన్స్ వేసుకోండి. మార్చాలనిపిస్తే ఒక్క మెట్టే మార్చండి. గిటార్ సర్దించకుండా మాత్రం కొత్త తీగలు బాగాలేవని తీర్పు చెప్పకండి.