ఆయాక్స్ ఆమ్‌స్టర్‌డ్యామ్ - ఆటగాళ్ళ వలస

ఆయాక్స్ నెదర్లాండ్సు దేశములోని ఆమ్‌స్టర్‌డ్యామ్ నగరానికి చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ క్లబ్బు. ఆంగ్ల ఉచ్చారణను బట్టి దీనిని అజాక్స్ అని కూడా వ్రాస్తారు. 1900 మార్చి 18న స్థాపించబడిన ఈ క్లబ్బు, బాలురను చిన్నతనం నుండి తీర్చిదిద్ది గొప్ప ఆటగాళ్ళుగా మలచుటలో ప్రసిద్ధి చెందినది. 1995లో ఐరోపా విజేతగా నిలిచిన ఈ జట్టులోని ప్రధాన ఆటగాళ్ళందరూ తరువాతి నాలుగేళ్ళలో క్లబ్బుకు దూరమయ్యారు. ఈ వలసకు కారణాలు, దానిని క్లబ్బు ఎదుర్కొన్న తీరు ఈ వ్యాసములో వివరించబడినవి.

1995 జట్టు

లూయిస్ వాన్ గాల్ శిక్షణలో ఆయాక్స్ 1994-95 డచ్చి లీగులో ఆడిన 34 ఆటలలో 27 గెలిచి, 7 డ్రా చేసుకొని, ఒక్క ఓటమి కూడా లేకుండా విజేత అయినది. 1995 మే 24న వియన్నా నగరములో జరిగిన ఛాంపియన్స్ లీగు తుదిపోరులో ఇటలీకి చెందిన ఏ.సి. మిలాన్ జట్టును 1-0 తేడాతో ఓడించినది. ఆట 85వ నిమిషములో ఆ ఏకైక గోలు చేసిన ప్యాట్రిక్ క్లైవర్ట్ వయస్సు అప్పటికి 18 సంవత్సరాలు మాత్రమే. క్లైవర్ట్, ఎడ్గార్ డేవిడ్స్, క్లారెన్స్ సీడోర్ఫ్, మైకేల్ రైజిగర్, కవల సోదరులైన ఫ్రాంక్ డి బోర్, రోనాల్డ్ డి బోర్ మొదలైనవారు క్లబ్బు యొక్క శిక్షణా విభాగము నుండి ఎదిగినవారే.

బోస్మన్ తీర్పు

అంతవరకు ఐరోపాలో ఒక ఆటగాని ఒప్పందము ముగిసినప్పటికీ, అతడు మరొక క్లబ్బుకు వెళ్ళాలంటే పాత క్లబ్బుకు బదిలీ రుసుము చెల్లించవలసి ఉండేది. ఈ పద్ధతి వలన 1990లో ఫ్రాన్సులోని డంకర్క్ క్లబ్బుకు మారలేకపోయిన బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానము అతనికి అనుకూలముగా తీర్పు చెప్పినది. దాని ముఖ్యాంశాలు రెండు:

* ఐరోపా సమాజ దేశాల పౌరుడైన ఆటగాని ఒప్పందము ముగిసిన తరువాత, మరొక సభ్యదేశపు క్లబ్బుకు మారునప్పుడు పాత క్లబ్బు రుసుము కోరరాదు.
* ఇతర సభ్యదేశాల ఆటగాళ్ళ సంఖ్యపై పరిమితి విధించరాదు.

ఒక కార్మికునికి తన యజమానిని ఎంచుకొనే హక్కు ఉన్నట్లే ఆటగానికీ ఉండుట న్యాయమే. అయితే పదేళ్ళపాటు ఖర్చుచేసి ఆటగాణ్ణి తయారు చేసిన క్లబ్బుకు దీనివలన ఏమీ దక్కని పరిస్థితి ఏర్పడినది. నెదర్లాండ్సు చిన్న దేశము కాబట్టి అక్కడి క్లబ్బులకు టెలివిజన్ ప్రసారాల ద్వారా వచ్చే ఆదాయము స్వల్పము. ఇటలీ, స్పెయిన్, ఇంగ్లాండు క్లబ్బులు ఇచ్చే జీతాలతో అవి పోటీపడలేకపోయాయి.

ఆటగాళ్ళ నిష్క్రమణ

* 1995: తీర్పుకు ముందే సీడోర్ఫ్ ఇటలీలోని సాంప్‌డోరియాకు వెళ్ళాడు. ఫ్రాంక్ రైకార్డ్ ఆట నుండి విరమించాడు.
* 1996: డేవిడ్స్, రైజిగర్ రుసుము లేకుండానే మిలాన్‌లో చేరారు. ఫినిడి జార్జ్ స్పెయిన్‌లోని రియల్ బేటిస్‌కు, న్వాంక్వో కాను ఇంటర్ మిలాన్‌కు మారారు.
* 1997: క్లైవర్ట్ కూడా రుసుము లేకుండానే మిలాన్‌కు, మార్క్ ఓవర్‌మార్స్ ఆర్సెనల్‌కు, శిక్షకుడు వాన్ గాల్ బార్సిలోనాకు వెళ్ళారు.
* 1999: డి బోర్ సోదరులు, యారి లిట్మనెన్ బార్సిలోనాకు, గోల్‌కీపర్ ఎడ్విన్ వాన్ డెర్ సార్ యువెంటస్‌కు తరలిపోయారు. నాయకుడు డానీ బ్లిండ్ ఆట నుండి విరమించాడు.

అనగా వియన్నాలో ఓడిన మిలాన్, తనను ఓడించిన గోలు చేసిన ఆటగానినే రెండేళ్ళ తరువాత పైసా రుసుము లేకుండా పొందినది.

పరిణామాలు

పతనము ఒక్కసారిగా రాలేదు. 1996లో ఆయాక్స్ మళ్ళీ ఛాంపియన్స్ లీగు తుదిపోరుకు చేరి, రోమ్ నగరములో యువెంటస్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడినది. 1996-97లో లీగులో నాల్గవ స్థానానికి దిగజారినప్పటికీ, 1997-98లో మార్టెన్ ఓల్సెన్ శిక్షణలో లీగునూ, డచ్చి కప్పునూ గెలిచినది. మిగిలి ఉన్న అనుభవజ్ఞులూ వెళ్ళిపోవుటతో 1998-99లో ఆరవ స్థానము, 1999-2000లో ఐదవ స్థానము మాత్రమే దక్కాయి.

క్లబ్బు అనుసరించిన మార్గాలు

1998లో క్లబ్బు తన వాటాలను ఆమ్‌స్టర్‌డ్యామ్ స్టాక్ ఎక్స్ఛేంజిలో విక్రయించి నిధులు సమకూర్చుకొన్నది. 1999లో దక్షిణాఫ్రికాలో ఆయాక్స్ కేప్‌టౌన్ అనే అనుబంధ క్లబ్బు ఏర్పడినది. అన్నిటికంటె ముఖ్యమైన మార్పు ఒప్పందాల విషయములో వచ్చినది. ప్రతిభ గల యువకులతో దీర్ఘకాలిక ఒప్పందాలు చేసుకొని, గడువు తీరకముందే మంచి ధరకు విక్రయించుట ఐరోపా క్లబ్బులకు సాధారణ పద్ధతి అయినది. ఆయాక్స్ కూడా ఈ మార్గములోనే సాగినది. 2007లో వెస్లీ స్నైడర్ రియల్ మాడ్రిడ్‌కు, 2011లో లూయిస్ సువారెజ్ లివర్‌పూల్‌కు ఈ విధముగానే అమ్ముడుపోయారు.

2019లో క్లబ్బు మళ్ళీ ఛాంపియన్స్ లీగు సెమీ ఫైనలుకు చేరినది. ఆ వేసవిలో ఫ్రెంకీ డి యాంగ్ బార్సిలోనాకు, 19 ఏళ్ళ నాయకుడు మథైస్ డి లిఖ్ట్ యువెంటస్‌కు వెళ్ళారు. ఒక్కొక్కరికి సుమారు 7.5 కోట్ల యూరోలు లభించాయి. 1996లో డేవిడ్స్ నిష్క్రమణతో పోల్చినచో ఈ తేడా స్పష్టమగును. తరువాత 2021, 2022లలో లీగును గెలుచుకొన్నది.

అయితే ధనము ఉన్నంతమాత్రాన జట్టు తయారుకాదని తరువాతి అనుభవము తెలుపుతున్నది. 2022లో శిక్షకుడు ఎరిక్ టెన్ హాగ్‌తో పాటు ఆంటొనీ, లిసాండ్రో మార్టినెజ్ మాంచెస్టర్ యునైటెడ్‌కు, రయన్ గ్రావెన్‌బెర్ఖ్ బయెర్న్ మ్యూనిక్‌కు వెళ్ళారు. భారీగా సొమ్ము చేరినా, కొత్తగా కొన్న ఆటగాళ్ళు వారి లోటు తీర్చలేకపోయారు. 2023 అక్టోబరులో క్లబ్బు లీగు పట్టికలో అట్టడుగుకు చేరి, చివరకు ఐదవ స్థానములో నిలిచినది. ఆటగానికి తగిన ధర పొందుట ఒక సమస్య కాగా, అతని స్థానములో ఆడగలవానిని ముందుగానే సిద్ధము చేసుకొనుట వేరొక సమస్య. ఆయాక్స్ మొదటిదానికి పరిష్కారము కనుగొన్నది, రెండవది ప్రతి తరములోనూ కొత్తగా ఎదురవుతూనే ఉన్నది.