యంత్రమును మనిషికి తగినట్లు మలచుట

కంప్యూటరు ఎంత శక్తిమంతమైనదైనను, సామాన్యుడు దానిని తడబాటు లేక వాడుకొనలేనిచో ప్రయోజనము లేదు. ఈ సౌలభ్యమును నిర్మాణదశలోనే ఆలోచింపవలెను. బ్యాంకుల ఏటీఎం యంత్రములే ఇందుకు తార్కాణము.

తొలినాళ్లలో కొన్ని యంత్రములు ముందుగా నగదునిచ్చి, పిదప కార్డును తిరిగి ఇచ్చెడివి. నగదు చేతికందగానే పని ముగిసినదని తలచి పలువురు కార్డును మరచిపోవుచుండిరి. నిర్మాతలు వరుసను మార్చి, కార్డు తీసుకొనిన పిదపనే నగదు వెలువడునట్లు చేసిరి. 2014 జూలై 1 నుండి మన దేశమున నెలకొల్పు క్రొత్త యంత్రములు మాటలతో సూచనలిచ్చునట్లును, అంధులకై బ్రెయిలీ మీటలు కలిగియుండునట్లును రిజర్వుబ్యాంకు ఆదేశించినది.

వాడుక తెలియక రహస్యసంఖ్యను అపరిచితులకు చెప్పి మోసపోవువారు కలరు. కావున యంత్రమువద్ద తడబడినచో సిగ్గుపడకుడు. ఏ మెట్టున చిక్కు కలిగినదో బ్యాంకువారికే తెలియజేయుడు.