వెండి అగ్గిపెట్టె

సాయంత్రం స్టడీ అవర్లో కరెంటు పోతే మన హాస్టల్లో మొదట వినిపించే మాట "అగ్గిపెట్టె ఎక్కడరా?" అన్నదే. కొవ్వొత్తి వెలిగాక ఆ పెట్టె సంగతి ఎవరికీ పట్టదు. నాకు మాత్రం దాని అట్ట కావాలి. ఓడ, పువ్వు, చిరుతతో కలబడే మనిషి... ఇలాంటి బొమ్మలు నా ట్రంకుపెట్టెలో చాలానే పోగయ్యాయి. ఆ పిచ్చితోనే లైబ్రరీలో పాత వస్తువుల పుస్తకం తిరగేస్తుంటే వెండి అగ్గిపెట్టె ఫొటో కనపడింది. మిత్రులకు చూపిస్తే "రెండు రూపాయల వస్తువుకి వెండి డబ్బీ ఎందుకురా?" అని నవ్వారు. మొదట నేనూ నవ్వాను. చదివాక తెలిసింది, ఆ డబ్బీ డాబుతో కాదు, భయంతో పుట్టిందని.

ఇంగ్లండులోని స్టాక్‌టన్ ఊళ్ళో జాన్ వాకర్ అనే మందుల దుకాణదారుడు ఉండేవాడు. రాపిడితో మండే పుల్లలను ఆయన 1827 ఏప్రిల్ 7న మొదటిసారి అమ్మినట్లు ఆయన దుకాణం లెక్కల పుస్తకంలోనే ఉంది. మడిచిన గరుకు కాగితం మధ్య పుల్లను పెట్టి లాగితే మండేది. పేటెంటు తీసుకోలేదు కాబట్టి ఇతరులు వెంటనే అనుకరించారు. 1830 ప్రాంతంలో పుల్ల తలలో తెల్ల భాస్వరం కలపడం మొదలైంది. ఇక గోడ, బల్ల, బూటు అడుగు, ఎక్కడ గీసినా మంటే. కానీ తెల్ల భాస్వరం గాలిలో సుమారు 30 డిగ్రీల వేడికే అంటుకునే పదార్థం. జిగురులో కలిపి పుల్లకు అద్దేవారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మన ఎండలకు చెప్పనే అక్కర్లేదు! అయినా జేబులో పుల్లలు చిల్లర డబ్బులకు రాసుకుంటే కోటు కాలిపోయే ప్రమాదం ఉండేది. అందుకే లోహపు డబ్బీలు వచ్చాయి.

అప్పట్లో మైనం పూసిన నూలు పుల్లలను 'వెస్టా'లు అనేవారు. వెస్టా అంటే రోమన్ల పొయ్యి దేవత. ఆ పేరు మీదే ఇవి 'వెస్టా కేసు'లయ్యాయి. అమెరికాలో వీటిని 'మ్యాచ్ సేఫ్' అన్నారు. ఇత్తడివీ, నికెల్‌వీ ఉన్నా దొరలు వెండివి వాడేవారు. అగ్గిపెట్టె కంటే చిన్నది, గుండ్రటి మూలలు, కీలు ఉన్న మూత, గడియారం గొలుసుకు తగిలించుకోవడానికి ఒక రింగు, పుల్ల గీయడానికి అడుగున గరుకు గీతలు. ఇవి 1880ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం వరకు బాగా వాడుకలో ఉన్నాయి. లండన్‌లోని శాంప్సన్ మోర్డన్ కంపెనీ రంగురంగుల మీనాకారీ బొమ్మలతో చేసినవంటే సేకరించేవాళ్ళు ఎగబడతారు.

నాకు అన్నిటికంటే నచ్చింది దాని మీది ముద్రలు. మన బంగారం నగల మీద 916 ఉన్నట్లే, నడిచే సింహం ముద్ర ఉంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి అని అర్థం. లంగరు బొమ్మ ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినది. మూడు గోధుమ పనలు, కత్తి ఉంటే చెస్టర్‌ది. ఆ చెస్టర్ కార్యాలయం 1962లో మూతపడింది. ఏడాదికో అక్షరం మారుతుంది కాబట్టి వయసు కూడా తెలుస్తుంది. రాణి తల ముద్ర ఉంటే మరీ సులువు. అది వెండి మీద పన్ను కట్టిన గుర్తు. ఆ పన్నును 1890లో ఎత్తేశారు. కాబట్టి ఆ డబ్బీ అంతకు ముందుదే.

డబ్బీ కథ ఇదీ. మరి లోపలి పుల్లలు చేసినవాళ్ళ కథ? తెల్ల భాస్వరం ఆవిరి పీల్చిన కార్మికులకు దవడ ఎముక కుళ్ళిపోయేది. లండన్‌లోని బ్రయంట్ అండ్ మే ఫ్యాక్టరీలో పదహారేళ్ళ పిల్లకు వారానికి నాలుగు షిల్లింగులు. కాళ్ళు మురికిగా ఉంటే అందులోంచే మూడు పెన్నీల జరిమానా! 1888 జూన్‌లో ఒక పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. జూలైలో సుమారు 1400 మంది ఆడవాళ్ళు, బాలికలు సమ్మెకు దిగారు. రెండు వారాలు తిరగకుండానే జరిమానాలు రద్దయ్యాయి. పని గదిలో కాకుండా విడిగా అన్నం తినే చోటు ఇస్తామని యాజమాన్యం ఒప్పుకుంది. భాస్వరం అంటిన బల్ల దగ్గరే తినేవారు మరి.

ఆ వ్యాసం రాసింది ఎవరో కాదు, అనీబిసెంట్. ఆ తర్వాత ఆమె మన దేశం వచ్చి 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. 1915లో మదనపల్లెలో మొదలైన కళాశాల ఈ రోజుకీ ఆమె పేరుతోనే ఉంది. హోంరూల్ పాఠంలో చదివిన మనిషి నాకు అగ్గిపుల్లల దగ్గర ఎదురవుతుందని అనుకోలేదు.

తెల్ల భాస్వరం పుల్లలను బ్రిటన్‌లో 1910 చివరితో ఆపేశారు. మన దేశంలో 1913లో చట్టం వచ్చింది. పెట్టె పక్కన రాస్తేనే మండే పుల్లలు, తర్వాత లైటర్లు పెరిగేసరికి వెస్టా కేసు పని అయిపోయింది.

ఇప్పుడు నకిలీలూ ఉన్నాయి. సాదా పాత డబ్బీ మీద కొత్తగా బొమ్మ వేసి ఎక్కువ ధరకు అమ్ముతారు. విభూతితో అదేపనిగా తోమితే ముద్రలు అరిగి, వయసు చెప్పే ఆధారమే పోతుంది. కొనేవాళ్ళు అడుగు భాగం తిప్పి చూడాలట. నిజంగా వాడినదైతే పుల్లలు గీసీ గీసీ ఆ గీతలు ఒకవైపు నున్నబడి ఉంటాయి.