పట్టా పెట్టెలో... బాడుగ నెత్తిన!

"అక్కా, బాడుగకి గవర్నమెంటు ఏమన్నా ఇస్తుందంట గదా, నిజమేనా?"

గిన్నెలు తోముతూ అడిగింది మా ఇంట్లో పనిచేసే అమ్మాయి. ఒకటో తారీఖు దగ్గర పడితే ఆమెకు వేరే ధ్యాస ఉండదు. నాలుగిళ్లలో పనిచేస్తే వచ్చేది తొమ్మిది వేలు. చిత్తూరులో ఒంటిగది ఇంటికి బాడుగ మూడు వేలు, కరెంటు వేరే.

"నీకు ఇంటిపట్టా వచ్చింది కదా?" అన్నాను.

"వచ్చింది. ట్రంకుపెట్టెలో ఉంది. దాంట్లో పడుకునేదా?" అంది. నవ్వొచ్చింది. కానీ ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు.

అమెరికాలో 1974 నుంచి ఒక పద్ధతి ఉంది. ఎంపికైన పేద కుటుంబం తన రాబడిలో సుమారు 30 శాతం అద్దెకు కడితే, మిగతాది ఒక హద్దు వరకు ప్రభుత్వం ఇంటి యజమానికి చెల్లిస్తుంది. మన దగ్గర సాయమంటే ఎక్కువగా స్థలం, ఇల్లు. 2020 డిసెంబరు 25న మన రాష్ట్రంలో మొదలైన పథకంలో 30 లక్షలకు పైగా పట్టాలు ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చారు. పట్టణాల్లో ఒక సెంటు, అంటే సుమారు 48 గజాలు. పల్లెల్లో సెంటున్నర. కట్టుకోవడానికి 1.80 లక్షలు. అదీ పని సాగేకొద్దీ విడతలుగా. ముందు పునాదికి మన చేతి డబ్బు పడాలి. ఆ డబ్బు కాస్తా నెలనెలా బాడుగకే పోతుంటే పునాది లేచేదెట్లా?

పావలా వడ్డీకి 35 వేల బ్యాంకు అప్పు కూడా అప్పట్లో ఇప్పించారు. ఆ సంగతి ఆమెకు తెలియనే తెలియదు. రోజూ పేపరు చదివే నేనైనా చెప్పానా? లేదు!

ఇంకా ఏమున్నాయని వెతికాను. 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడతలో, సొంతిల్లు కట్టుకోలేని వాళ్లకు తక్కువ అద్దె ఇళ్లు కట్టడం కూడా ఒక భాగం. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లను అందులో బాగా వెనుకబడిన వర్గం కింద లెక్కిస్తారు.

ఇక ఊరుగాని ఊళ్లో ఉద్యోగానికొచ్చే ఆడపిల్లల కోసం సఖీ నివాస్ హాస్టళ్లున్నాయి. అక్కడ అద్దె జీతాన్ని బట్టే. ఒక్కరుండే గదికి జీతంలో 15 శాతం, ఇద్దరుండే గదికి 10, పెద్ద హాలులో మంచానికి ఏడున్నర శాతం మించకూడదు. పన్నెండు వేల జీతమైతే హాలులో తొమ్మిది వందలే! భోజనం ఖర్చు వేరు.

మరి మనమేం చేయాలి? మన ఇంట్లో, మన వీధిలో బాడుగ కష్టం పడుతున్నవాళ్లకు ఈ నాలుగు ముక్కలు చెప్పాలి. ఆధార్, బ్యాంకు పుస్తకం, ఆదాయ ధ్రువపత్రం ఒకచోట పెట్టుకోమనాలి. పట్టా ఉంటే ఎవరో అడిగారని, ఏదో ఇస్తామన్నారని చేతికివ్వొద్దని గట్టిగా చెప్పాలి. అది ఆమె పేరు మీదున్న ఆస్తి, మగవాడి అప్పుకు తాకట్టు కాదు.

సోమవారం ఆమెతో నేనూ సచివాలయానికి వెళ్తున్నాను. "పట్టా మర్చిపోవద్దు" అన్నాను.

"అప్పుడే పెట్టెలో నుంచి తీసేసినాను లేక్కా!" అంది.