ఆరు నిమిషముల నడక

మంగళగిరి కొండమెట్లు ఎక్కి పానకాలస్వామిని దర్శించి వచ్చిన గృహస్థుడు, “ఎక్కగలిగితిని, ఇక నా ఆరోగ్యమునకు లోటేమి?” అని సంతసించుట సహజము. అది మంచి గుర్తే, కాని కొలత కాదు. ఒకసారి వేకువను, ఒకసారి ఎండలో ఎక్కుదుము. నడుమ కూర్చున్న కాలమును ఎవ్వరును లెక్కింపరు. కొలత యనిపించుకొనవలెనన్న ప్రతిసారియు దూరము, కాలము, పద్ధతి ఒక్కటిగా నుండవలెను.

ఆరోగ్యవంతులకు ఈ కొలత యెందుకు? దేహశక్తి ఒక్కనాడు తగ్గదు. అది తగ్గుచున్నకొలది మనము తెలియకయే పనులు తగ్గించుకొందుము. నడిచిపోవు అంగడికి ఆటో ఎక్కుదుము. మేడ మెట్లు మానుదుము. పని తగ్గినందున ఆయాసము కనబడదు. ఆయాసము లేనందున లోపము తెలియదు. గుంటమగ్గమున దినమెల్ల కూర్చుండి నేయువారికి కాలుసేతులకు శ్రమ యున్నను, వేగముగా నడచునపుడు గుండెకు, ఊపిరితిత్తులకు కలుగు అభ్యాసము వేరు.

1968లో అమెరికా వైద్యుడు కెన్నెత్ కూపర్, 12 నిమిషములలో ఎంత దూరము పరుగెత్తగలరను దానినిబట్టి శక్తిని అంచనా కట్టెను. తరువాత ఊపిరితిత్తుల రోగులకై పరుగును నడకగా మార్చిరి. 1982లో లండను వైద్యులు 6 నిమిషములు చాలునని చూపిరి. నేడు ఆరోగ్యవంతులకును ఈ పరీక్ష జరుపుచున్నారు.

పద్ధతి సులభము. చదునైన వసారాలోనో, నీడగల వీధిలోనో 30 మీటర్లు కొలిచి రెండు కొసల గుర్తులుంచవలెను. 10 నిమిషములు కుర్చీలో విశ్రమించి, పిమ్మట 6 నిమిషములు వీలైనంత దూరము నడువవలెను. పరుగు కూడదు. అలసిన ఆగవచ్చును, గడియారము మాత్రము ఆగదు. పోయివచ్చిన ఒక్కొక్క చుట్టు 60 మీటర్లు. 9 చుట్లు తిరిగి, పైన 20 మీటర్లు నడచిన, మొత్తము 560 మీటర్లు. మొదటిసారికన్న రెండవసారి అలవాటుచేతనే దూరము కొంత పెరుగును. కనుక గంట విరామమిచ్చి మరల నడచి, ఎక్కువ దూరమును వ్రాసికొనుట మేలు.

1998లో అమెరికాలో 40 మొదలు 80 ఏండ్ల ఆరోగ్యవంతులను పరీక్షింపగా, నడిమి విలువ పురుషులకు 576, స్త్రీలకు 494 మీటర్లుగా తేలెను. ఇది మనకు ఉత్తీర్ణతాంకము కాదు. వయస్సు, ఎత్తు, బరువులనుబట్టి దూరము మారును. పొరుగువాని అంకెతో పోటీ వలదు. మీ నిరుటి అంకెయే మీకు ప్రమాణము.

ఛాతీనొప్పి యున్నవారు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు, విశ్రాంతిలోనే నాడి నిమిషమునకు 120 మించువారు, రక్తపుపోటు అధికముగా నున్నవారు వైద్యుని అనుమతి లేక దీనికి పూనుకొనరాదు. నడకలో ఛాతీనొప్పి, తూలుట, పట్టరాని ఆయాసము కలిగిన తక్షణమే ఆపవలెను.

ఒకసారి కొద్ది మీటర్లు తగ్గెనని బెదరనక్కరలేదు. మరల మరల నడచినను స్పష్టముగా తగ్గుచున్నచో ఉపేక్షింపరాదు. రక్తహీనత, గుండె, ఊపిరితిత్తులు, మోకాళ్లు, వీనిలో ఏది కారణమో ఈ పరీక్ష చెప్పజాలదు. అది వైద్యుడు తేల్చవలసినది. మంగళగిరిలోనే నేడు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ యున్నది. అచ్చటికి పోవలసిన యవసరమున్నదో లేదో ముందుగా తెలియజేయుటకు ఇంటనున్న గడియారము, కొలతత్రాడు, ఏటికొక పంక్తి వ్రాసికొను పుస్తకము చాలును.