రాలిన ఆకే అడవికి ఎరువు

పొలమునకు మనము ఎరువు వేయుదుము, అడవికి వేయువారెవరు? అడవి తన ఎరువును తానే సమకూర్చుకొనును. నల్లమలలో టేకు, నల్లమద్ది, ఏగిస మొదలగు చెట్లు వేసవికి ముందు ఆకులను రాల్చును. తొలకరి పడగానే చెదలు, శిలీంధ్రములు, సూక్ష్మజీవులు వానిని కుళ్ళజేయును. అందలి నత్రజని, భాస్వరము, పొటాషు నేలలో చేరి, వేళ్ళద్వారా మరల చెట్లకు అందును.

ఈ చక్రమును మనమే తెంచుచున్నాము. తునికాకు బాగుగా చిగిర్చుననియు, క్రొత్త గడ్డి మొలచుననియు కొందరు వేసవిలో అడవికి నిప్పు పెట్టుదురు. ఆ మంటలో ఆకునందలి నత్రజని చాలవరకు గాలిలో కలిసిపోవును. భాస్వరము, పొటాషు బూడిదలో మిగులును. కాని కప్పులేని వాలునేలపై మొదటి వానలే ఆ బూడిదను మట్టితోగూడ వాగులపాలు చేయును. దిగువ చెరువులు పూడును. గడ్డి ఒక ఏడు ఏపుగా పెరిగినను, ఏటేట కాల్చిన నేల నిస్సారమగును. మితిమీరి మేపినచో పశువుల గిట్టలక్రింద నేల గట్టిపడి, వాననీరు ఇంకదు.

కావున తునికి పొదలను నిప్పుతో గాక, కొమ్మకొట్టి చిగిరింపజేయుదము. పశువులను వంతులవారీగా మేపుదము. ఎండుకట్టెలను మితముగా ఏరుకొని, ఆకును నేలకే విడిచిపెట్టుదము. అడవిని కాపాడు అధికారమును 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము గ్రామసభకు ఒసగినది. అడవినేల సారము నిలిచిననే మన చెరువు నిలుచును, మన పశువు బ్రతుకును.